చౌడుకు రేటు లేదు

మిద్దె కప్పు మీద వేసే చౌడుమన్నును మేస్త్రీ యాకోబు నాలుకతో చూసేవాడు. చిటికెడు తీసి నాలుక మీద వేసుకొని, కళ్ళు మూసుకొని, ఉప్పు ఏపాటి ఉందో తేల్చుకొని ఉమ్మేసేవాడు. నాలుక చురుక్కుమంటే ఆ గుంటలోని చౌడు పనికొస్తుంది. చప్పగా ఉంటే ఎన్ని బండ్లు తోలినా దండగ. వాళ్ళ నాయన మత్తయి నేర్పిన విద్య అది. బడి చదువు మాత్రం యాకోబుకు ఒక్కరోజు కూడా దొరకలేదు. వేలిముద్ర వేసేటప్పుడు ముద్ర కింద తన పేరు ఎవరో రాస్తుంటే, ఆ గీతలు తప్పుగా పడుతున్నాయేమోనని వంగి వంగి చూసేవాడు.

ఆళ్లగడ్డ నుంచి తూర్పుగా పోతే, నల్లమల కొండలు నీలం వదిలి పచ్చగా కనబడే చోట వంకపేట ఉంది. అరవై ఇళ్ళు. చాలావరకు క్రైస్తవ కుటుంబాలు, కూలికి పోయేవాళ్ళూ కౌలుకు చేసుకునేవాళ్ళూ. ఇళ్ళన్నీ మట్టి మిద్దెలే. నాపరాతి గోడలు, వాటి మీద మాను దూలాలు, దూలాల మీద అడ్డంగా దంతెలనే సన్నని కర్రలు, దంతెల మీద పలచని నాపబండలు, ఆపైన కసువు గడ్డి, బంకమన్ను, అన్నిటికీ పైన జానెడు మందాన చౌడు. వాన పడితే చౌడు ఉబ్బి తన పగుళ్ళు తానే పూడ్చుకుంటుంది. ఏడాది తిరిగేసరికి కొంత గాలికి పోతుంది, కొంత వానకు కొట్టుకుపోతుంది. అందుకని ఏటా మృగశిర కార్తె రాకముందే ప్రతి మిద్దె మీదా కొత్త చౌడు పోసి కాళ్ళతో తొక్కాలి. అలా వేస్తున్నంతకాలం మిద్దె నిలుస్తుంది. పాములపాడులో మేనత్త కోసం యాకోబు కట్టిన మిద్దె కూడా అలాగే నిలిచి ఉంది.

అతని భార్య హన్నమ్మ. పెద్దకూతురు సారమ్మ. 1974లో సారమ్మ మూడో తరగతి పాసయింది. పేటలో బడి అంటే చర్చి వసారా. లూదియా అనే టీచరు నంద్యాలలో ట్రైనింగు చేసి వచ్చి ఆ పేటలోనే కాపురముంటూ, ఒక్కతే మూడు తరగతులు చెప్పేది. నాలుగుకు పోవాలంటే వంక దాటి అవతలి ఊరికి నడవాలి. సారమ్మ రెండు నెలలు నడిచింది. ఆగస్టులో ఒకరోజు వంక పొంగి, పిల్ల అవతలి గట్టున నిలబడిపోయింది. ఇవతలి గట్టున హన్నమ్మ. నీళ్ళు తగ్గేదాకా ఇద్దరూ ఒకరినొకరు చూస్తూ నిలబడ్డారు. ఇల్లు చేరాక హన్నమ్మ పిల్ల పలకను అటక మీద పెట్టేసింది.

"ఇంక పోయే పన్లేదు," అంది.

మరుసటి రోజు యాకోబు లూదియా దగ్గరికి పోయాడు. ఆమె వసారాలో పిల్లల పలకలు దిద్దుతోంది.

"టీచరమ్మా, నాలుగూ ఐదూ ఈడనే చెప్పేదానికి ఏం కావల్ల?"

"ఇంకో టీచరు కావాలి."

"ఇంకో టీచరు రావల్లంటే ఏం కావల్ల?"

"రెండు గదులు కావాలి యాకోబన్నా. రెండు గదుల బడి ఉంటేనే రెండో పోస్టు ఇస్తారంట."

"అంతేనా!" అన్నాడు యాకోబు. గదులు కట్టడం ఒక్కటే అతనికి తెలిసిన పని. లోకంలో అందరికంటే తనకే సులువైన ప్రశ్న వేశారనుకున్నాడు.

1975 ఎండాకాలమంతా పేట ఆ పని మీదే ఉంది. చర్చి పక్కనున్న ఖాళీ స్థలంలో పునాది తీశారు. గోడలకు రాయి అరకోసు దూరంలోనే ఉంది; పొలాల్లో నాగలికి అడ్డం తగిలే నాపరాళ్ళనే ఏరి బండ్ల మీద తోలారు. దూలాల సంగతి వచ్చేసరికి యాకోబు కొండ కింద గూడెం నుంచి దాసరయ్యను పిలుచుకొచ్చాడు. అతను చెంచు మనిషి, అడవి పనికి పోయేవాడు. అతని పిల్లలిద్దరు లూదియా దగ్గరే చదివేవాళ్ళు. అటవీ డిపోలో వేలానికి పెట్టిన మానుల మధ్య దాసరయ్య ఒక్కొక్కదాన్నే గొడ్డలి వెనకతో తట్టి, చెవి ఆనించి విన్నాడు.

"ఇది తీసుకో. ఇది వద్దు, దీని కడుపులో చెద ఉండాది."

"బయటికి బాగానే కనబడతాండాది కదప్పా?"

"నువ్వూ బయటికి బాగనే కనబడతాండావు. మీ ఇంటామెను అడిగితే చెప్తాది లోపల ఏముండాదో," అన్నాడు దాసరయ్య. యాకోబు నవ్వుతూనే ఆ మానును పక్కకు నెట్టాడు.

గోడలు రెండడుగుల మందం వచ్చాయి. మే నెలలో బయట నిలబడలేని ఎండకు లోపల పిల్లలు నిద్రపోయేంత చల్లగా ఉండేది. పైకప్పులో గదికి రెండు గవాచులు వదిలాడు. వాటిలోంచి వెలుగు తిన్నగా పిల్లల పలకల మీద పడేలా, ముందుగా పిల్లలను నేల మీద వరసగా కూర్చోబెట్టి, తాను పైకి ఎక్కి, వాళ్ళ తలలు చూసుకొని గుర్తు పెట్టాడు. వాన వస్తే గవాచి మీద బండ జరుపుకోవాలి. నల్లబల్లకు చెక్క దొరకలేదు. నల్లటి నాపబండనొకదాన్ని వారం రోజులు ఇసుకతో, నీళ్ళతో రుద్ది రుద్ది అద్దంలా నున్నగా చేసి గోడలోనే కూర్చోబెట్టాడు. సున్నపురాయి ముక్కతో లూదియా దాని మీద మొదటి అక్షరం రాసినప్పుడు, అది ఏ అక్షరమో తెలియకపోయినా, గీత తెగకుండా పడిందని యాకోబు సంతోషించాడు. గోడల పొడుగునా పిల్లల చేతికి అందే ఎత్తులో పలక పెట్టుకునే గూళ్ళు వదిలాడు. ఎవరి గూడు వాళ్ళది.

చౌడు మాత్రం యాకోబునొక్కణ్ణే మొయ్యనివ్వలేదు లూదియా. మృగశిరకు ముందు వచ్చే శనివారం చౌడు దినమని ప్రకటించింది. ప్రతి ఇంటి నుంచీ ఒక గంప రావాలి. పిల్లలు తట్టల్లో, పాత గిన్నెల్లో, చివరికి టోపీల్లో కూడా మోసుకొచ్చారు. గూడెం నుంచి దాసరయ్య భార్య మద్దమ్మ వెదురు బుట్టలో తెచ్చింది. గంప దించిన ప్రతి మనిషి దగ్గరా యాకోబు చిటికెడు తీసి నాలుక మీద వేసుకొని చూశాడు. ఇద్దరివి చప్పగా ఉన్నాయని వెనక్కి పంపాడు.

"బడికి చౌడు తెచ్చినా కూడా ఫెయిలేనా నాయనా?" అని ఒక ముసలామె అరిచింది. మిద్దె మీద పిల్లలు ఎగిరెగిరి తొక్కుతుంటే కింద గదుల్లో దుమ్ము కూడా రాలలేదు. ఆ ఏటి వానలకు రెండు గదుల్లో ఒక్క చుక్క పడలేదు. రెండో టీచరు మాత్రం రాలేదు.

రెండేళ్ళకు, 1977లో, బడిని చూడడానికి ఆళ్లగడ్డ సమితి ఆఫీసు నుంచి ఓవర్సీరు వచ్చాడు. పేరు ఆదినారాయణ. చంకలో పొడుగాటి పుస్తకం. బడి చుట్టూ ఒకసారి తిరిగి, వేప నీడన నిలబడి, పుస్తకం తెరిచాడు. పేట సగం అక్కడే ఉంది.

"ఏమప్పా మేస్త్రీ, పైకప్పు ఏందీ?"

"మిద్దె సార్."

"మిద్దె అని రాసేదానికి గడి లేదు. పక్కా, కచ్చా. ఉండేది రెండే."

"అయితే పక్కా అని రాయండి సార్. మా పేటలో దీనికంటే పక్కాది ఇంకోటి లేదు."

"పైన సిమెంటు ఉండాదా?"

"లేదు సార్."

"ఇనుము?"

"అది కూడా లేదు."

"మరి పక్కా అని ఎట్ల రాయల్ల?"

"పైకి ఎక్కి చూడండి సార్. నిచ్చెన ఉండాది."

"నేను ఎక్కితే మీ కప్పు నిలబడతాదా?"

"మా పేటలో పెండ్లయితే నూరుమంది మిద్దె మీదనే కూచోని తింటారు సార్. మీరొక్కరు బరువా?" అన్నాడు యాకోబు. అందరూ నవ్వారు. ఆదినారాయణ కూడా నవ్వాడు. నవ్వుతూనే కచ్చా గడిలో గీత గీసి, పుస్తకం మూసేశాడు. కచ్చా గదులు గదులు కావట. రెండు కచ్చా గదులంటే సున్నా గదులట. ఆ లెక్కన వంకపేటలో బడి వసారాలోనే ఉన్నట్టు.

ఆ తర్వాత ఐదేళ్ళలో యాకోబు ఆఫీసుకు ఎన్నిసార్లు తిరిగాడో అతనికే తెలియదు. ఆళ్లగడ్డ సంతకు పోయిన ప్రతిసారీ అటు కూడా పోయేవాడు. బల్ల దగ్గర నిలబెట్టేవాళ్ళు. ఆదినారాయణ చెడ్డవాడు కాదు. ఒక్కోసారి టీ కూడా ఇప్పించేవాడు. అదే యాకోబుకు ఎక్కువ మంట. తిట్టి పంపితే తిరిగి తిట్టుకుంటూ రావచ్చు. టీ తాగి వచ్చేసరికి కోపానికి చోటు దొరికేది కాదు.

ఒకరోజు ఆదినారాయణ బల్ల సొరుగులోంచి మందపాటి పుస్తకం తీసి అతని ముందు తిప్పాడు.

"ఇది రేట్ల పుస్తకం. చూడు. సిమెంటుకు రేటు ఉండాది. ఇటుకకు ఉండాది. కంకరకు, ఇసుకకు, ఆఖరికి నీళ్ళు మోసే మనిషికి కూడా ఉండాది. చౌడుకు లేదు. రేటు లేనిదాన్ని నేను కొలవలేను. కొలవనిదాన్ని కట్టినట్టు రాయలేను."

"చౌడు ఊరికే దొరుకుతాది కదా సార్. దానికి రేటెందుకు?"

"ఊరికే దొరికేదాన్ని గవర్మెంటు నమ్మదప్పా."

"మీ ఇల్లు ఏం ఇల్లు సార్?"

ఆదినారాయణ పుస్తకాన్ని మళ్ళీ సొరుగులో పెట్టాడు. "మా ఊర్లో మాది మిద్దెనే. మా అమ్మ ఇప్పటికీ దాని కిందనే పండుకుంటాది," అన్నాడు.

"మరి మీ అమ్మ పక్కా ఇంట్లో ఉండాదా, కచ్చా ఇంట్లోనా?"

"పో యాకోబూ. పని ఉండాది నాకు."

ఇంటికి వచ్చి యాకోబు అన్నం ముందు కూర్చొని రెండు ముద్దలు తిని లేచాడు. హన్నమ్మ అడిగితే, "రాయి రాయి కాదంట, గోడ గోడ కాదంట. నేను మేస్త్రీనో కాదో ఆ పుస్తకంలో చూసి రావల్ల," అన్నాడు. సారమ్మ అప్పటికి పొలం పనిలో పడిపోయింది. ఏడాది తిరక్కుండా పెళ్ళి కూడా అయింది. చిన్నకూతురు ఎస్తేరు అప్పటికింకా బడి ఈడుకు రాలేదు. ఆ పిల్ల గూడు ఏదో మాత్రం యాకోబు ముందే అనుకొని పెట్టుకున్నాడు. గవాచి వెలుగు పడే చోట, కింది వరసలో చివరిది.

1982లో అతని తమ్ముడు ఇస్సాకు సున్నిపెంట నుంచి తిరిగొచ్చాడు. పదేళ్ళు శ్రీశైలం ఆనకట్ట పనిలో ఉన్నాడు. ప్యాంటు వేసుకొని, చేతికి గడియారం పెట్టుకొని, సిమెంటు తప్ప ఇంకో మాట లేకుండా వచ్చాడు. అన్న గోడు విని పకపకా నవ్వాడు.

"ఇంతేనా అన్నా? మిద్దె మీద అంగుళం మందాన సిమెంటు పూత పూసేస్తే పోలా? అంచు కిందికి దించి పూస్తే కింద నిలబడి చూసేవాడికి అంతా సిమెంటే. ఆడ మేము నదినే ఆపినాం సిమెంటుతో. ఈడ నాలుగు చినుకులు ఆపలేమా?"

హన్నమ్మ చేటలో బియ్యం చెరుగుతూ వింటోంది. "నది కింద దంతెలు ఉండాయా మరిదీ?" అంది.

"అంటే ఏందొదినా?"

"మాను ఎండకు ముడుచుకుంటాది, వానకు ఉబ్బుతాది. దాంతో పాటు చౌడూ కదులుతాది. మీ సిమెంటు కదులుతాదా?"

"కదలకపోవడమే కదా సిమెంటు గొప్ప!"

హన్నమ్మ భర్త వైపు చూసింది. ఆమె చెప్పింది యాకోబుకు తెలియక కాదు. ఇరవై ఏళ్ళుగా మిద్దెల మీద తిరిగిన మనిషి. కానీ ఐదేళ్ళుగా ఆ బల్ల దగ్గర నిలబడ్డ మనిషి కూడా అతనే.

"కదలకపోయినా సరే. ఆ గడిలో పడితే చాలు," అన్నాడు.

పన్నెండు బస్తాల సిమెంటు పర్మిట్టు మీద దొరికింది. చర్చి పెద్దలు సాయం చేశారు. ఆ ఏడు చౌడు దినం జరగలేదు. పిల్లలు గంపలతో వచ్చి, ఇస్సాకు తాపీతో పూత సాపు చేస్తుంటే నిచ్చెన కింద నిలబడి చూశారు. "ఇంక మీకు మోత పని తప్పింది, పోండ్రా," అన్నాడు ఇస్సాకు. పిల్లలు తెచ్చిన చౌడును వంక దారిలో పారబోశారు. యాకోబు అది చూసి ముఖం తిప్పుకున్నాడు.

ఆదినారాయణ వచ్చి, ఎప్పటిలాగే వేప నీడన నిలబడి, అంచు మీద బూడిదరంగు పూతను చూశాడు. ఈసారి యాకోబు నిచ్చెన మాట ఎత్తలేదు. ఓవర్సీరు పక్కా గడిలో గీత గీసి, "చూసినావా, ఎంత సులువో," అన్నాడు. మరుసటి జూన్‌లో సుగుణమ్మ అనే టీచరు పెట్టె, పరుపుచుట్ట పట్టుకొని బస్సు దిగింది. నాలుగో తరగతి మొదలైంది, ఆపై ఏడు ఐదో తరగతి. ఏడుగురు ఆడపిల్లలు వంక దాటకుండానే ఐదు పాసయ్యారు. యాకోబు ఆ పిల్లలను చూసినప్పుడల్లా తాను చేసింది మంచిపనేనని తనకు తాను చెప్పుకునేవాడు.

అయినా బడి లోపలికి పోవడం తగ్గించాడు. అంతకుముందు తొలివాన పడగానే పోయి దూలాలన్నీ చేత్తో తడిమి వచ్చేవాడు. సిమెంటు పడ్డాక ఆ అలవాటు మానేశాడు. ఏం తెలుస్తుందోనన్న భయం ఉండిందేమో.

1985 అక్టోబరులో నాలుగు రోజులు ముసురు పట్టింది. ఐదో రోజు లూదియా కబురు పంపింది. యాకోబు పోయేసరికి ఆమె రెండో గదిలో తల పైకెత్తి నిలబడి ఉంది.

"కారడం లేదు యాకోబన్నా. ఒక్క చుక్క కూడా పడలేదు. కానీ ఏదో వాసన వస్తోంది చూడు."

పుట్టగొడుగుల వాసన. యాకోబు బల్ల లాక్కొని ఎక్కి దూలం మీద చెయ్యి వేశాడు. చల్లగా తగిలింది. బొటనవేలి గోరు గుచ్చితే దిగింది. పదేళ్ళ కింద ఉలి దిగడానికి మొరాయించిన మాను అది. అతను నిచ్చెన వేసుకొని మిద్దె ఎక్కాడు. సిమెంటు పూత మీద వెంట్రుకవాసి చీలికలు, సాలెగూడులా నలుమూలలా ఉన్నాయి. ఒకచోట గడ్డపారతో పెళ్ళ లేపి చూశాడు. కింద చౌడు అంబలిలా ఉంది. లోపలికి పోయిన నీళ్ళకు బయటికి వచ్చే దారి లేదు. మూడేళ్ళ నీళ్ళు అక్కడే ఉన్నాయి.

దాసరయ్యను పిలిపించాడు. అతను దూలాన్ని తట్టి, చెవి ఆనించి, చాలాసేపు విన్నాడు.

"మూడు మానులు బాగుండాయి. ఈ ఒక్కదానికే జబ్బు. పైన ఆ మూత తీసేస్తే ఇదీ బతుకుతాదేమో. తీయకపోతే అన్నీ పోతాయి."

"ఎన్నాళ్ళు ఓరుస్తాది?"

"ఒక వాన ఓరుస్తాదో, రెండు వానలో. నన్నెందుకు అడుగుతావు? కింద కూచునేది మన పిల్లలే కదా."

తాత్కాలికంగా ఆ దూలం కింద రాతిస్తంభం నిలబెట్టి, రెండో గదిలోని పిల్లలను వసారాకు మార్చారు. కానీ ఏం చేయాలో తేలలేదు. సిమెంటు తీసేసి చౌడు వేస్తే కప్పు నిలుస్తుంది. కప్పు నిలిస్తే బడి కచ్చా అవుతుంది. బడి కచ్చా అయితే సుగుణమ్మ పోతుంది. ఎస్తేరు అప్పుడు మూడో తరగతి చదువుతోంది. సారమ్మ పాసైన చివరి తరగతి అది.

"ఇంకొక్క రెండేండ్లు స్తంభాలు పెట్టి నెట్టుకొద్దాం అన్నా," అన్నాడు ఇస్సాకు. అతనికి ఇప్పుడు గొంతు లేవడం లేదు. "ఎస్తేరు ఐదు దాటిపోతాది కదా, ఆ పొద్దు తీసేద్దాం."

"ఎస్తేరు వెనకాల వచ్చే పిల్ల మీద పడితేనో?" అంది హన్నమ్మ.

"పడితే అని ఎందుకనుకోవల్ల వదినా?"

"నువ్వు వేసిందే కాబట్టి అనుకుంటాండా."

యాకోబు లేచి బయటికి పోయాడు. అతనికి ఇస్సాకు మీద కోపం రాలేదు. ఆదినారాయణ మీద రాలేదు. తన చేతుల మీద వచ్చింది. ఏ పగులుకు ఏ మన్ను పెట్టాలో తెలిసిన చేతులు, తెలిసి తెలిసి ఒక గడి కోసం తప్పు పని చేశాయి. ఏడేళ్ళు కచ్చాగా ఉన్నప్పుడు ఇంత పుట్టగొడుగు కూడా మొలవని గది, పక్కా అయిన మూడేళ్ళకే కుళ్ళడం మొదలుపెట్టింది. ఈ మాట ఎవరితో చెప్పుకోవాలి? ఏ బల్ల దగ్గర నిలబడి చెప్పాలి?

జనవరిలో, నేల బాగా ఆరాక, అతను ఉలి, సుత్తి తీసుకొని మిద్దె ఎక్కాడు. మొదటి దెబ్బ తానే వేశాడు. ఇస్సాకు పక్కనే కూర్చొని తాను సాపు చేసిన పూతను తానే పగలగొట్టాడు. అంచు మాత్రం తీయవద్దని బతిమాలాడు.

"అంచు ఉండనీ అన్నా. సారు కిందనుంచే చూస్తాడు. లోపల ఏం వేసుకుంటే ఆయనకేం? పదేండ్లలో ఒక్కసారి కూడా ఎక్కలేదు కదా."

యాకోబు ఆలోచించి అంచు వదిలేశాడు. అబద్ధమే. కానీ ఎవరి నెత్తినా పడని అబద్ధం. రోగమొచ్చిన దూలం కుళ్ళు చెక్కేస్తే లోపల గట్టిగానే ఉంది. కొత్త కసువు, కొత్త మన్ను వేశారు. నాలుగేళ్ళ తర్వాత మళ్ళీ చౌడు దినం జరిగింది, కార్తె కాని కార్తెలో. ఎస్తేరుకు అదే మొదటిసారి. పిల్లలు ఎగిరెగిరి తొక్కారు. యాకోబు ప్రతి గంపలోంచీ చిటికెడు తీసి నాలుక మీద వేసుకున్నాడు. ఆ రోజు అతని నోరు పూసింది.

మార్చిలో ఆదినారాయణ వచ్చాడు. తల నెరిసింది. సమితి పోయి మండలం వచ్చిందని ఆఫీసు బోర్డు మార్చారు గానీ చంకలో పుస్తకం అదే. వేప నీడన నిలబడి అంచు చూశాడు.

"నిచ్చెన తెప్పించు యాకోబూ," అన్నాడు ఆదినారాయణ.

"ఎందుకు సార్?"

"వేరే జిల్లాలో యాడనో బడి కప్పు కూలిందంట. ప్రతి కప్పూ ఎక్కి చూసి రాయల్లని ఆర్డరు వచ్చినాది."

అతను నిచ్చెన మీద ఒక్కొక్క మెట్టే చూసుకొని ఎక్కాడు. వెనకే యాకోబు. పైన ఆదినారాయణ చెప్పులు విడిచి, చౌడు మీద నాలుగు అడుగులు వేశాడు. మడమతో నొక్కి చూశాడు. ఇంటి పని తెలిసినవాడు నొక్కినట్టే నొక్కాడు.

"మంచి చౌడు. యాడిది?"

"పేట వెనక గుంటలోది."

"మా అమ్మకు ఇట్లాంటిది దొరక్క కండ్ల నీళ్ళు పెట్టుకుంటాది."

"మరి రాయండి సార్. మంచిదని రాయండి."

"మంచిదని రాసేదానికి గడి లేదప్పా."

"కండ్లతో చూసినారు కదా! కాళ్ళతో తొక్కినారు కదా!"

"నా తర్వాత ఇంజనీరు ఎక్కుతాడు. పక్కా అని నేను రాసి, ఆయన చౌడు చూస్తే నా ఉద్యోగం పోతాది. పూత ఎందుకు తీసినావు? ఉండనిస్తే ఏం పోయింది?"

"పిల్లల మీద పడేది సార్."

ఆదినారాయణ కొండల వైపు చూస్తూ నిలబడ్డాడు. "అయితే సరిగ్గానే చేసినావు," అన్నాడు.

యాకోబుకు అప్పుడు వచ్చింది కోపం. తొమ్మిదేళ్ళుగా టీ గ్లాసులతో చల్లారుతూ వచ్చిన కోపం. "సరిగ్గా చేస్తే కచ్చా, తప్పు చేస్తే పక్కానా సార్? పదేండ్లు ఎక్కండి సార్, ఎక్కండి సార్ అని నిచ్చెన పట్టుకోని నిలబడితే ఎక్కలేదు. ఎక్కకూడని పొద్దు ఎక్కినారు!"

కింద పిల్లలు చదువు ఆపి పైకి చూస్తున్నారు. ఆదినారాయణ దిగి, కాళ్ళకు అంటిన చౌడు దులుపుకోకుండానే పుస్తకం తెరిచి, గీత గీశాడు.

జూన్‌లో సుగుణమ్మ పెట్టె, పరుపుచుట్ట మళ్ళీ బస్సెక్కాయి. పిల్లలు బస్సు దాకా పోయారు. అవతలి ఊరి బడికి పేర్లు మార్చుకోమని కాగితం వచ్చింది. మగపిల్లలు ఇద్దరు మార్చుకున్నారు. ఆడపిల్లల ఇళ్ళల్లో అటకల మీదికి పలకలు ఎక్కడం మొదలైంది. హన్నమ్మ ఎస్తేరు పలకను పట్టుకొని అటక కింద చాలాసేపు నిలబడింది. పెట్టలేదు. తీసుకుపోయి లూదియా చేతిలో పెట్టింది.

"నువ్వే చెప్పమ్మా నాలుగు కూడా."

"నా రిజిస్టరులో నాలుగు లేదు హన్నమ్మక్కా. ఒక్క టీచరున్న బడి మూడు దాకానే."

"రిజిస్టరులో లేకపోతే నోట్లో కూడా లేదా?"

లూదియా పలక తీసుకుంది. వారం తర్వాత యాకోబును పిలిపించింది.

"రెండు గదుల్లో నేనొక్కదాన్నే తిరగలేకపోతున్నా. ఇటు పోతే అటు అల్లరి, అటు పోతే ఇటు అల్లరి. నడిమి గోడలో కిటికీ కొట్టగలవా? నేను కూర్చున్న చోటు నుంచి రెండు పక్కలా కనబడాలి."

రెండడుగుల గోడ. పదకొండేళ్ళ కింద ఒక్కొక్క రాయీ తానే చూసి పెట్టిన గోడ. యాకోబు రెండు రోజులు ఆ రాళ్ళను ఒక్కొక్కటే ఊడదీశాడు. పైన మోయడానికి ఒక పొడుగాటి నాపబండను అడ్డంగా కూర్చోబెట్టాడు. అంచులు మట్టితో మెత్తాడు. లూదియా కుర్చీ వేసుకొని కూర్చొని చూసింది. ఇటు ఒకటీ రెండూ మూడూ, కిటికీలోంచి అటు నాలుగు.

ఆ సాయంత్రం తొలివాన పడింది. యాకోబు గవాచుల మీద బండలు జరిపి వచ్చి, పాత అలవాటు ప్రకారం దూలాలన్నీ తడిమాడు. అన్నీ పొడిగా ఉన్నాయి. చెక్కిన దూలం కూడా. అతను సంతోషించలేదు. చెయ్యి తుడుచుకొని కిటికీలోంచి అవతలి గదిలోకి చూశాడు. ఎస్తేరు తన గూట్లోంచి పలక తీసుకొని, లూదియా ఇటునుంచి చెబుతున్న నాలుగో తరగతి లెక్క చేస్తోంది. రిజిస్టరులో ఆ పిల్ల పేరు ఆ ఏడు కూడా మూడో తరగతిలోనే ఉంది. మరుసటి ఏడు కూడా అక్కడే రాశారు.